యూరప్‌లో వేసవి ప్రయాణం: చర్మం, జుట్టు, పాదాలు పాడవకుండా రోజూ ఏం చేయాలి

పారిస్‌లో దిగిన మూడో రోజు పొద్దున తల దువ్వుకుంటుంటే దువ్వెన సగంలోనే ఆగిపోయింది. షాంపూ అదే, కండిషనర్ అదే, నూనె రాసే అలవాటూ అదే. అయినా జుట్టు కొబ్బరి పీచులా గరుగ్గా తయారైంది. బుగ్గలు ఎవరో పట్టి లాగుతున్నట్టు బిగుసుకుపోయాయి. ప్రయాణం బడలిక అనుకుని సరిపెట్టుకున్నాను. అసలు కారణం నీళ్లని తెలియడానికి ఇంకో వారం పట్టింది.

ఆ వేసవిలో ఆరు వారాలు ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, హంగేరీ, జర్మనీ తిరిగాను. మీరూ వెళ్తుంటే నేను గట్టిగా చెప్పేది ఒకటే. కొత్త క్రీముల గురించి ఆలోచించే ముందు ఆ ఊరి నీళ్లు ఎలాంటివో, అక్కడ ఎండ ఎన్ని గంటలకు ముదురుతుందో తెలుసుకోండి. ఈ రెండూ తెలిస్తే సంచి తేలికవుతుంది, పొద్దున అద్దం ముందు గడిపే సమయమూ తగ్గుతుంది.

సంచి సర్దుకోవడం

ముందుగా లీటరు పట్టే, జిప్ ఉన్న పారదర్శకమైన కవరు ఒకటి తీసుకోండి. చేతి సామానుతోనే విమానం ఎక్కేటట్లయితే ద్రవాలు, జెల్‌లు, క్రీములు అన్నీ అందులోనే పట్టాలి. ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. లోపల ఎంత మిగిలిందన్నది ఎయిర్‌పోర్టు తనిఖీ వాళ్లు చూడరు, సీసా ఎంత పెద్దదో చూస్తారు. 200 మిల్లీలీటర్ల సీసా అడుగున రెండు చెంచాల షాంపూ ఉన్నా పక్కన పెట్టేస్తారు. కొన్ని ఎయిర్‌పోర్టుల్లో కొత్త స్కానర్లు వచ్చాక ఈ నియమం సడలింది. అయితే ఒక ఊళ్లో వదిలిన సీసాని ఇంకో ఊళ్లో ఆపొచ్చు కాబట్టి పాత లెక్కతోనే సర్దుకోండి. లిప్‌స్టిక్ లాంటి గట్టి వస్తువులకు ఈ బాధ లేదు కానీ మస్కారా, లిప్‌గ్లాస్ ద్రవాల కిందే లెక్క.

కవర్లోకి ఇవి చాలు: ఘాటు లేని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, కండిషనర్, కొంచెం నూనె. లిప్ బామ్, కాటుక చేతి సంచిలో. ఫౌండేషన్ వాడే అలవాటుంటే మీ రంగుకి సరిపోయేది వెంట తీసుకెళ్లండి. చిన్న ఊళ్ల షాపుల్లో చామనఛాయకి తగిన షేడ్ దొరకడం కష్టం. మిగతావన్నీ అక్కడ కొనుక్కోవచ్చు.

కొబ్బరినూనె తీసుకెళ్తే సన్నమూతి సీసాలో పోయకండి. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఆల్ప్స్ ఊళ్లలో, ఉత్తర దేశాల్లో వేసవి పొద్దుటి పూట కూడా అంత వేడి ఉండదు. వెడల్పు మూత ఉన్న చిన్న డబ్బాలో పోసుకుంటే వేలితో తీసుకుని అరచేతుల్లో కరిగించుకోవచ్చు.

పలచటి పెద్ద నూలు స్కార్ఫ్ ఒకటి తప్పనిసరి. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికాలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకోనిదే వెళ్లనివ్వరు. గ్రీస్‌లో మెటియోరా మఠాలకైతే ఆడవాళ్లు లంగా లాంటిది కట్టుకుని రావాలి. ఎండలో తలకీ మెడకీ, రాత్రి రైల్లో దిండు మీదకీ అదే స్కార్ఫ్. నేను తీసుకెళ్లిన వాటన్నిటిలో రోజూ ఏదో ఒక పనికి వచ్చింది అదొక్కటే.

హెయిర్ స్ట్రెయిట్‌నర్ వదిలేయండి. కరెంటు 230 వోల్టులే కాబట్టి చాలావరకు పనిచేస్తుంది. కానీ ఖండమంతా వాడే రెండు గుండ్రటి పుల్లల ప్లగ్ బ్రిటన్‌లో పనికిరాదు. స్విట్జర్లాండ్, ఇటలీల్లో సాకెట్లు మళ్లీ వేరు. పైగా అక్కడి నీళ్లతో ఎండిన జుట్టుకి వేడి పెడితే చివర్లు పగులుతాయి.

గదిలోకి వెళ్లగానే కెటిల్ లోపల చూడండి

ఇది నాకు హాస్టల్‌లో పక్క మంచం అమ్మాయి నేర్పిన పద్ధతి. గదిలోనో వంటింట్లోనో ఉన్న ఎలక్ట్రిక్ కెటిల్ మూత తీసి అడుగు చూడండి. తెల్లగా పెచ్చులు కట్టి ఉంటే ఆ ఊరి నీళ్లలో సున్నం ఎక్కువ. కెటిల్ లేకపోతే షవర్ తల చూడండి, రంధ్రాల చుట్టూ అదే తెల్లటి పొర కనిపిస్తుంది.

వాన నీరు సున్నపురాయి పొరల్లోంచి ఇంకి వస్తే కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని వస్తుంది. పారిస్, లండన్, రోమ్, బార్సిలోనా, బెర్లిన్, మ్యూనిక్ నీళ్లు అలాంటివే. గ్రానైటు లాంటి గట్టి రాళ్ల మీంచి, కొండ సరస్సుల్లోంచి వచ్చే నీళ్లు మెత్తగా ఉంటాయి. గ్లాస్గో, ఓస్లో, బెర్గెన్, స్టాక్‌హోమ్‌లలో తలస్నానం చేస్తే తేడా మొదటి రోజే తెలుస్తుంది. సున్నం ఎక్కువున్న నీళ్లనే హార్డ్ వాటర్ అంటారు, తాగడానికి వాటితో ఇబ్బంది లేదు. సబ్బుతో కలిసినప్పుడే తంటా. కాల్షియంతో సబ్బు కలిస్తే నురగ రాదు, జిగట తెట్టులా తయారై చర్మానికీ జుట్టుకీ పట్టుకుంటుంది. ఎంత కడిగినా పోదు. పోవాలని మనం ఇంకాస్త సబ్బు రాస్తాం, తెట్టు ఇంకా పెరుగుతుంది.

పారిస్‌లో నేను చేసింది సరిగ్గా ఇదే. మార్సెయ్ సబ్బు చూడముచ్చటగా ఉందని కొన్నాను. దాని మీద 72 శాతం అని అచ్చు వేసి ఉంటుంది, అది నూనెల పాళ్లు. చేతులకు చక్కటి సబ్బు అది. నేను ముఖానికి రుద్దాను, షాంపూ అయిపోయిన రోజు తలకీ పెట్టాను.

హార్డ్ వాటర్ ఉన్న ఊళ్లో ఇలా చేయండి.

ముఖానికి సబ్బు మానేసి, సబ్బు లేని క్లెన్సర్ వాడండి. ఫ్రాన్స్‌లో సీసా మీద 'సాన్ సావోఁ' అని, జర్మనీలో 'జైఫెన్‌ఫ్రై' అని, ఇటలీలో 'సెంజా సపోనే' అని రాసి ఉంటుంది. మూడింటి అర్థమూ సబ్బు లేనిదనే. షాంపూ బార్ కొనేటప్పుడు కూడా ఇదే చూసుకోండి. చాలా బార్లు నిజానికి సబ్బులే.

రాత్రి ముఖం తుడుచుకోవడానికి మైసెల్లార్ వాటర్ మంచిది. ఫ్రాన్స్‌లో ఏ ఫార్మసీలోనైనా వరుసగా పేర్చి ఉంటుంది. మురికినీ మేకప్‌నీ పట్టుకునే అతి చిన్న బిందువులు అందులో ఉంటాయి, కుళాయి నీళ్ల అవసరం పెద్దగా ఉండదు. దూది మీద పోసి కళ్ల మీద పది సెకన్లు అలా ఉంచండి, రుద్దకండి. కాటుక దానంతటదే దూదికి వస్తుంది. కడగక్కర్లేదని సీసా మీద రాసినా, నేను చివర్లో తడి గుడ్డతో ఒకసారి అద్దుకుంటాను. లేకపోతే నాకు చెంపల మీద చిన్న పొక్కులు వచ్చేవి.

తలస్నానం వారానికి రెండుసార్లు చాలు. స్నానానికి ముందే పొడి జుట్టు చిక్కు తీసుకోండి, తడిసిన చిక్కు తెగుతుంది. నూనె చివర్లకే రాయండి. మాడుకి పట్టిస్తే వదిలించడానికి రెండుసార్లు షాంపూ పెట్టాలి, ఆ నీళ్లతో అది నష్టమే. కండిషనర్ పెట్టి మూడు నిమిషాలు ఆగండి.

వారానికొకసారి, ఆఖరి మగ్గుగా వెనిగర్ నీళ్లు పోసుకోండి. లీటరు నీళ్లకి ఒక పెద్ద చెంచా ఆపిల్ వెనిగర్ సరిపోతుంది. ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా సలాడ్ సరుకుల పక్కన ఉంటుంది. ఆ పులుపు సున్నపు పొరని కరిగిస్తుంది. కళ్లలో పడకుండా తల వెనక్కి వంచి పోసుకుని, నిమిషం ఆగి మామూలు నీళ్లతో కడిగేయండి. మాడు మీద గాట్లు, పుండ్లు ఉంటే మాత్రం వద్దు. మొదటిసారి ఇది చేసిన సాయంత్రం నా జుట్టు వేళ్ల మధ్య నుంచి జారింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే.

పొద్దున ఏడు నిమిషాలు

ముఖానికి నీళ్లు చల్లుకుంటే చాలు, పొద్దున క్లెన్సర్ అక్కర్లేదు. తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకోండి. పళ్లు తోముకుని, జడ వేసుకునేసరికి అది ఇంకిపోతుంది. అప్పుడు సన్‌స్క్రీన్. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండండి. ముఖానికీ మెడకీ కలిపి ఆ మాత్రం కావాలి. చాలామంది బఠాణీ గింజంత రాస్తారు. అలా రాస్తే సీసా మీద 50 అని ఉన్నా అంత రక్షణ రాదు. చెవులు, మెడ వెనక, పాదాల పైభాగం మరిచిపోవద్దు. గది దాటడానికి పావుగంట ముందే ఇది అయిపోవాలి.

జుట్టు వదిలేసుకుని ఫొటోలు దిగాలని అందరికీ ఉంటుంది. ఫొటో దిగండి, తర్వాత జడ వేసుకోండి. గాలిలో రోజంతా ఎగిరిన జుట్టు సాయంత్రానికి ఉండ కడుతుంది. ఒక సంగతి ఎవరూ చెప్పరు: పాపిట కూడా ఎండకి కాలుతుంది. రోజూ ఒకేచోట పాపిట తీస్తే ఆ గీత ఎర్రబడి, వారం తర్వాత పొట్టు రాలుతుంది. చుండ్రని కంగారుపడతారు. పాపిట రోజుకో వైపు మార్చండి, లేదా స్కార్ఫ్ కప్పుకోండి.

ఎండ మధ్యాహ్నం రెండింటికి

పన్నెండింటికి ఎండ ముదురుతుందని మన లెక్క. యూరప్‌లో వేసవికి గడియారాలు గంట ముందుకు తిప్పుతారు. పైగా స్పెయిన్, ఫ్రాన్స్ పడమరకి జరిగి ఉన్నా తూర్పున ఉన్న దేశాల సమయమే పాటిస్తాయి. అందుకే జూన్, జులైల్లో సూర్యుడు అన్నిటికన్నా పైకి వచ్చేది మ్యాడ్రిడ్‌లో సుమారు 2:20కి, పారిస్‌లో దాదాపు 2 గంటలకు, ఏథెన్స్‌లో 1:30కి, రోమ్‌లో 1:15కి. ఒంటిగంటకి భోజనం ముగించి, ఎండ దిగిపోతుందిలే అని బయల్దేరేవాళ్లు సరిగ్గా నడి ఎండలోకే వెళ్తారు. దక్షిణాదిన ఒంటిగంట నుంచి నాలుగు వరకు మ్యూజియంలకి, గుళ్లకి, పడకకి కేటాయించుకోండి. పొద్దు ఎక్కడికీ పోదు. జూన్ చివర్లో పారిస్‌లో సూర్యాస్తమయం రాత్రి 9:58కి.

వాతావరణం యాప్‌లో వేడి ఎంతో చూడటం కన్నా యూవీ ఇండెక్స్, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే అంకె, చూడటం ముఖ్యం. అది 3కి చేరిందంటే సన్‌స్క్రీన్ కావాలి. జులైలో గ్రీస్, సిసిలీ, దక్షిణ స్పెయిన్‌లలో 9, 10 కూడా చూస్తారు. వేడికీ దీనికీ సంబంధం లేదని నాకు గ్రీస్‌లోని నాక్సోస్ ద్వీపంలో తెలిసొచ్చింది. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తర గాలి రోజుల తరబడి వీస్తుంది. ఒళ్లంతా చల్లగా ఉంటుంది, చెమట పట్టదు. ఆ హాయిలో సన్‌స్క్రీన్ రెండోసారి రాయాలని తట్టలేదు. రాత్రి మంచం మీద వెల్లకిలా పడుకోలేకపోయాను, భుజాలు మండిపోయాయి. చామనఛాయ వాళ్లకి ఎండ తగలదన్న మాట నమ్మకండి. మనకి ఎరుపు అంతగా కనిపించదు, మంట మాత్రం అదే. ఆ తర్వాత వచ్చే నల్లమచ్చలు నెలలపాటు ఉంటాయి.

కొండల్లో ఇంకా జాగ్రత్త. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ యూవీ సుమారు పది శాతం పెరుగుతుంది. కొత్త మంచు అందులో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. స్విట్జర్లాండ్‌లో రైలెక్కి 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి వెళ్తే గడ్డం కింద, ముక్కు కింద కూడా రాసుకోవాలి, కాంతి కిందనుంచి కూడా కొడుతుంది. నల్ల కళ్లద్దాలు లేకుండా బయటికి వెళ్లకండి.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు రెండు గుర్తులు చూడండి. ఎస్‌పీఎఫ్ అన్నది ప్రధానంగా చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాల లెక్క. జర్మన్ సీసాల మీద దాన్నే ఎల్‌ఎస్‌ఎఫ్ అని రాస్తారు. నల్లబడటానికీ ముడతలకీ కారణమయ్యే యూవీఏ కోసం గుండ్రటి గీత లోపల యూవీఏ అని రాసిన ముద్ర వెతకండి. ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు యూవీఏ రక్షణ ఉంటేనే ఆ ముద్ర వేస్తారు. జింక్, టైటానియం ఉన్నవి మన రంగు మీద బూడిద పూసినట్టు తెల్లగా తేలతాయి, కొనే ముందు మణికట్టు మీద రాసి చూసుకోండి. పారదర్శకంగా ఉండే రకాలు యూరప్‌లో చాలానే ఉన్నాయి. రెండు గంటలకోసారి, ఈతకొట్టి ఒళ్లు తుడుచుకున్న ప్రతిసారీ మళ్లీ రాయండి. మేకప్ మీద రాయడానికి స్టిక్ రకం వీలుగా ఉంటుంది.

ఇటలీలోని అమాల్ఫీ తీరానికి వెళ్తే అక్కడి పెద్ద పెద్ద నిమ్మకాయలు చూసి ముచ్చటపడతారు. ఎండలో కూర్చుని నిమ్మకాయ పిండితే వెంటనే చేతులు కడుక్కోండి. నిమ్మజాతి పళ్ల తొక్కలో, రసంలో ఉండే పదార్థాలు యూవీ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. ఒకటి రెండు రోజుల తర్వాత బొబ్బలు లేస్తాయి, తగ్గాక రసం కారిన దారివెంటే గోధుమరంగు చారలు మిగులుతాయి. పెర్‌ఫ్యూమ్ కూడా పగలు మెడ మీద కొట్టుకోకుండా బట్టల మీద కొట్టుకుంటే మేలు.

ఎండ తగిలి మంటగా ఉంటే చల్లటి తడి గుడ్డ వేయండి, నీళ్లు తాగండి. ఫార్మసీల్లో దొరికే థర్మల్ వాటర్ (వేడినీటి బుగ్గల నీళ్లు) స్ప్రే హాయిగా ఉంటుంది. అయితే కొట్టుకున్నాక అలా ఆరనివ్వకండి, ముఖంలోని తడిని కూడా లాక్కుపోతుంది. అర నిమిషం ఆగి అద్దుకుని పైన మాయిశ్చరైజర్ రాయండి. నీళ్ల సీసా ఎప్పుడూ వెంట ఉండాలి. రోమ్ వీధుల్లో 'నాసోని' అనే చిన్న ఇనప కుళాయిలు రెండు వేలకు పైగా ఉన్నాయి, నీళ్లు చల్లగా, ఉచితంగా వస్తూనే ఉంటాయి. పారిస్‌లో 1872 నుంచి ఉన్న ఆకుపచ్చ వాలెస్ ఫౌంటెన్ల నీళ్లూ తాగొచ్చు.

ఏ షాపుకి వెళ్లాలి

ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో వెలిగే ఆకుపచ్చ ప్లస్ గుర్తు ఉంటే ఫార్మసీ. మందులతో పాటు ముఖానికి రాసేవన్నీ అక్కడే దొరుకుతాయి. కౌంటర్ వెనక ఉన్నావిడకి మీ చర్మం చూపించి అడగండి, ఓపిగ్గా చెబుతారు. జర్మనీలో పద్ధతి వేరు. ఎర్రటి పెద్ద ఏ అక్షరం ఉన్న అపోథెకెలో మందులు, డీఎం, రోస్‌మన్ లాంటి డ్రోగరీల్లో షాంపూలు, క్రీములు, ప్యాడ్స్. డీఎం సొంత బ్రాండ్ బాలేయా, రోస్‌మన్ సొంత బ్రాండ్ ఇజానా చవగ్గా ఉంటాయి, పనితనంలో లోటు లేదు. నెదర్లాండ్స్‌లో క్రౌడ్‌వాట్, ఎటోస్, బ్రిటన్‌లో బూట్స్, సూపర్‌డ్రగ్ అలాంటివే.

జర్మనీలో ఆదివారం షాపులు మూసేస్తారు. శనివారం రాత్రి బెర్లిన్‌లో దిగి, పొద్దున ప్యాడ్స్ కోసం నాలుగు వీధులు తిరిగిన దాన్ని కాబట్టి చెబుతున్నాను: శనివారం సాయంత్రమే కొనిపెట్టుకోండి. తప్పకపోతే పెద్ద రైల్వే స్టేషన్‌కి వెళ్లండి, అక్కడి షాపులు తెరిచే ఉంటాయి.

పేర్లు తికమక పెడతాయి. ఇటలీలో 'బాల్సమో' అంటే కండిషనర్. ఫ్రాన్స్‌లో కండిషనర్‌ని 'అప్రే షాంప్వాఁ' అంటారు. అక్కడ ఒంటికి రాసే లోషన్ 'లే కోర్', స్నానానికి వాడేది 'జెల్ దూష్'. ప్యాడ్స్‌ని జర్మనీలో 'బిండెన్', ఇటలీలో 'అస్సోర్బెంతి', స్పెయిన్‌లో 'కొంప్రేసాస్' అంటారు. ఈ ముక్కలు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ప్యాడ్స్ ఉన్న అరలో టాంపాన్లు కూడా అంతే ఉంటాయి, డబ్బా మీది బొమ్మ చూసి తీసుకోండి. స్కాట్లాండ్‌లో ఉంటే ఈ ఖర్చే లేదు. 2022 ఆగస్టు నుంచి అక్కడ ఇవి ఉచితంగా అందుబాటులో ఉంచాలని చట్టం అమల్లో ఉంది, లైబ్రరీల లాంటి చోట్ల దొరుకుతాయి. చాలా దేశాల్లో స్టేషన్ బాత్‌రూమ్‌కి అర యూరో నుంచి యూరో దాకా తీసుకుంటారు, చిల్లర ఉంచుకోండి.

క్రీము డబ్బా వెనక మూత తెరిచిన జాడీ బొమ్మ, దాని మీద 6ఎం, 12ఎం అని ఉంటుంది. తెరిచాక అన్ని నెలలు వాడొచ్చని అర్థం.

రాత్రి, రైల్లో, హాస్టల్‌లో

బయటినుంచి రాగానే మంచం మీద వాలకుండా ముందు ముఖం తుడుచుకోండి. సన్‌స్క్రీన్, దుమ్ము, చెమట మూడూ కలిసి రాత్రంతా ఉంటే తెల్లారేసరికి నుదుటి మీద మొటిమలు తేలతాయి. రాత్రి రైలైతే బాత్‌రూమ్ కుళాయి నీళ్లు తాగొద్దు, పళ్లు తోమడానికి సీసా నీళ్లే వాడండి. ముఖానికి దూది, మైసెల్లార్ చాలు. దిండు మీద స్కార్ఫ్ పరుచుకుని, జుట్టు వదులుగా జడ వేసుకుని పడుకోండి.

నిద్ర సరిపోకపోతే ఏ క్రీమూ పనిచేయదు. ఉత్తరాన వేసవిలో చీకటే పడదు. నార్వేలోని ట్రోమ్సోలో మే 20 ప్రాంతం నుంచి జులై 22 దాకా సూర్యుడు అస్తమించడు. కంటి పట్టీ తీసుకెళ్లండి. పారిస్‌లో సమస్య వేరే. పాత భవనాల్లో జింకు రేకు కప్పు కింద ఉండే ఆరో అంతస్తు గదులు చవగ్గా వస్తాయి, ఏసీ ఉండదు. 2019 జులై 25న ఆ నగరంలో 42.6 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజుల్లో పగలు కిటికీ తలుపులు మూసేసి రాత్రి తెరవండి, తడి గుడ్డ మెడ మీద వేసుకుని పడుకోండి.

పాదాలు

రోజుకి పదిహేను వేల అడుగులు రాళ్ల బాటల మీద నడుస్తారు. రోమ్‌లో నల్లటి చిన్న దిమ్మలు, లిస్బన్‌లో నున్నగా అరిగిపోయిన తెల్ల రాళ్లు. లిస్బన్ రాళ్లు వాన పడితే జారతాయి. కొత్త చెప్పులతో వెళ్లకండి, రెండు వారాలు ముందే వాడి అలవాటు చేసుకున్నవి వేసుకోండి. మడమ దగ్గర రాపిడి అనిపించగానే ఆగి బ్లిస్టర్ ప్లాస్టర్ అంటించండి. బొబ్బ లేచాక అంటించడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. బొబ్బని గుచ్చకండి. రాత్రి గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు పాదాలు ఉంచి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచి, మడమలకి మందంగా క్రీము పట్టించి నూలు సాక్సులు వేసుకుని పడుకోండి. రెండు రాత్రుల్లో పగుళ్లు మెత్తబడతాయి.

అడవుల్లో, గడ్డి బాటల్లో నడిచిన రోజు స్నానం చేస్తూ మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక చేత్తో తడిమి చూసుకోండి. ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ, స్వీడన్‌లలో పిడుదులు ఎక్కువ. వాటిని లాగే చిన్న పట్టకారు ఫార్మసీలో అమ్ముతారు.

వేడినీటి స్నానాలకు వెళ్తే

బుడాపెస్ట్‌లో 1913లో కట్టిన సేచెన్యి స్నానశాలకి వెళ్లేముందు వెండి పట్టీలు, ఉంగరాలు తీసేయండి, ఇలాంటి ఖనిజపు నీళ్లలో వెండి నల్లబడుతుంది. ఈత కొట్టే కొలనులోకి టోపీ లేకుండా దిగనివ్వరు. ఫ్రాన్స్‌లోని మునిసిపల్ కొలనుల్లోనూ అంతే. వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు దాటకుండా ఉండి, బయటికొచ్చాక మంచినీళ్లతో కడుక్కుని ఒంటికి లోషన్ రాయండి.

ఐస్‌లాండ్ బ్లూ లగూన్ నీళ్లలోని సిలికా జుట్టుని కర్రలా బిగుసుకునేలా చేస్తుంది. దిగేముందు జుట్టంతా కండిషనర్ పట్టించి పైకి ముడి వేసుకోండి, కండిషనర్ షవర్ల దగ్గర వాళ్లే ఉంచుతారు. ఆ దేశంలో ఏ కొలనులోకైనా దిగేముందు బట్టల్లేకుండా సబ్బుతో స్నానం చేయాలన్నది నియమం. మొదట సిగ్గేస్తుంది, ఎవరూ ఎవరినీ చూడరు. కొన్నిచోట్ల తలుపున్న షవర్లు ఉంటాయి, అడగండి.

కొన్నవాటికి పన్ను వెనక్కి

యూరోపియన్ యూనియన్ బయట నివసించేవాళ్లు కొన్నవాటి మీద పన్నులో కొంత తిరిగి తీసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో బిల్లు 100 యూరోలు దాటాలి, ఇటలీలో 70, జర్మనీలో 50. స్పెయిన్‌లో కనీస మొత్తం లేదు. బ్రిటన్‌లో పర్యాటకులకు ఈ సౌకర్యం 2021లో తీసేశారు. బిల్లు ఆ కనీస మొత్తం దాటాలి కాబట్టి బహుమతుల క్రీములన్నీ ఒకే షాపులో, ఒకే రోజు కొనండి. డబ్బు కట్టేముందే పాస్‌పోర్ట్ చూపించి ట్యాక్స్ రీఫండ్ కాగితం అడగండి. కొన్నవాటిని విప్పకుండా ఉంచండి. యూనియన్ దాటే చివరి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు వస్తువులు చూపించమనొచ్చు, సీసాలేమో 100 మిల్లీలీటర్లు దాటినవైతే పెద్ద పెట్టెలో పంపాలి. కాబట్టి విమానానికి మూడు గంటల ముందే చేరుకుని, పెట్టె చెక్ ఇన్‌లో ఇచ్చేయకముందే కస్టమ్స్ ముద్ర వేయించుకోండి.